డోలు మొగులప్ప భుజం నొప్పి

వికారాబాద్ స్టేషన్ బయట నాగరాణి హోటల్ ఆదివారం సాయంత్రం పూట ఎందుకంత దిగులుగా ఉంటుందో కొత్తవాళ్లకు అర్థం కాదు. చాయ్ బాగానే ఉంటుంది. మిరపకాయ బజ్జీలు వేడిగానే ఉంటాయి. ఉన్న దిగులంతా గోడవారన వేసిన పొడుగు బెంచీది. తాండూరు నుంచి వచ్చే ప్యాసింజర్ బండి దిగి, అనంతగిరి హాకీ జట్టు అభిమానులు నేరుగా వచ్చి దాని మీదే కూలబడతారు. ఆ వారం ఓటమికి బాధ్యులెవరో తేలేదాకా ఇళ్లకు పోరు. అభిమానులంటే వేలల్లో ఉంటారనుకునేరు, ఆ బెంచీకి సరిపోతారు. ఈమధ్య కాళ్లు చాపుకోవడానికి చోటు కూడా మిగులుతోంది.

వాళ్లలో పెద్ద కుమారస్వామి సారు. ఊళ్లో సగం మందిని చిన్నప్పుడు ఎండలో పరుగెత్తించి రిటైరైన డ్రిల్లు సారు. మెడలో ఈల ఇప్పుడు లేదు గాని, మాట్లాడబోయేముందు దాన్ని వెతుక్కుంటూ చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. రెండోవాడు ప్రవీణ్, నవాబుపేటలో ఎరువుల దుకాణం. జట్టు యజమానికి దూరపు చుట్టం. అందుకని ఎవరేమన్నా యజమాని తరఫున మాట్లాడే భారం అతని నెత్తిన పడింది. మూడోవాడు మన మొగులప్ప. నవాబుపేట దారిలో ఊరు, ఒక గొర్రెల మంద, కాస్త చెలక భూమి, యాభై దాటిన వయసు, ఎండాకాలంలో కూడా భుజాన గొంగడి. మొగులప్ప అంటే ఎవరూ గుర్తుపట్టరు. డోలు మొగులప్ప అనాలి.

డోలు వాళ్ల ఇంటి విద్య. వాళ్ల కులదేవుడు బీరప్ప పండుగకు కొట్టే డోలు. పరిగి అవతల దోమ అనే ఊళ్లో ఉండే చిన్నాయిన అంజిలయ్య చేతులు పట్టుకుని నేర్పాడు. దాన్ని హాకీ ఆటకు మోసుకుపోవాలన్న ఆలోచన మాత్రం అచ్చంగా మొగులప్పదే. మనవాళ్లకు పెనాల్టీ కార్నర్ దొరికిందంటే మైదానం గట్టు మీద నిలబడి దడదడలాడించేవాడు. అవతలి గోల్‌కీపర్‌కు కొట్టుకుంటున్నది తన గుండెనో, మోగుతున్న డోలో తెలియక తికమకపడేవాడని కుమారస్వామి సారు సిద్ధాంతం. నిజమెంతో గాని, గెలిచిన రోజుల్లో ఆటగాళ్లు కోచ్‌ను వదిలేసి మొగులప్పను భుజాల మీదికి ఎత్తుకునేవారు. ఇంట్లో సత్యమ్మ ఆయన్ని అంతగా మెచ్చుకున్న దాఖలా ఏనాడూ లేదు కాబట్టి, ఆ మోజు ఆయన తలకు బాగా ఎక్కింది.

దసరా నుంచి ఆ డోలు ఇంటి దూలానికి వేలాడుతోంది. మొగులప్ప ఉత్త చేతులతో ఆటకు వస్తున్నాడు. ఎవరైనా అడిగితే కుడి భుజం తడుముకుని నొప్పి అంటాడు. జట్టు కూడా దసరా నుంచి ఒక్క ఆటా గెలవలేదు.

ఇక యజమాని సంగతి. పాండురంగం పటేల్‌కు తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లున్నాయి. ఒకప్పుడు జట్టును వికారాబాద్ పంతుళ్లూ, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ పనివాళ్లూ తలా ఇంత వేసుకుని నడుపుకునేవారు. ఇక నడవదనుకున్నప్పుడు పటేల్ చేతికి వచ్చింది. ఆయన ఆటను తాండూరుకు మార్చాడు, జెర్సీలకు తన రాయి రంగు వేయించాడు. ఆ బూడిదరంగు బట్టల్లో, అక్కడి దుమ్ములో, మనవాళ్లు ఒకరికొకరు కనబడక బంతిని ఎదుటివాళ్లకే అందిస్తున్నారని నాగరాణి వాదన. ఆమె ఒక్క ఆట కూడా చూసి ఎరగదు. ఓడినవాళ్లకు చాయ్ పోసిపోసి ఆమెకు హాకీ అర్థమైపోయింది, అంతే.

చలి ముదిరిన ఒక ఆదివారం మళ్లీ ఓడి వచ్చారు. ముందుగా గోల్‌కీపర్ నవీన్‌కుమార్ పని పట్టారు. కరణ్‌కోటలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చి గోల్ ముందు నిలబడే పిల్లగాడు. బంతి వచ్చేవైపు కాకుండా నిద్ర వచ్చేవైపు ఒరుగుతున్నాడని తేల్చారు. తర్వాత కెప్టెన్‌ను పట్టుకున్నారు. అవతలివాళ్లు మన గోల్ ముందరి డీ గీత లోపలికి దూసుకొస్తుంటే ఇతను జుట్టు సవరించుకోవడం కుమారస్వామి కళ్లారా చూశాడట. తర్వాత కోచ్. ఇప్పుడున్న కోచ్ పేరు ఎవరికీ గుర్తు రాలేదు కాబట్టి పోయిన కోచ్‌ను తిట్టారు. అక్కడినుంచి మాట యజమాని మీదికి ఎక్కింది.

"పటేల్‌నేమనకుండ్రి సార్," అన్నాడు ప్రవీణ్. "ఆయన లేకుంటే జట్టే లేకుండె."

"ఇప్పుడున్నదా?" అంది నాగరాణి, గ్లాసులు తీస్తూ.

కుమారస్వామి చెయ్యి ఛాతీ మీదికి పోయింది. అసలు రోగం ఆటగాళ్లదీ కాదు, యజమానిదీ కాదు, పద్ధతులదని మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఆట కాగానే రెండు జట్లూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టి బజ్జీలు తినేవి. ఇప్పుడు బయటినుంచి తెచ్చిన ఆటగాళ్లు చెమట ఆరకముందే కార్లెక్కి పోతున్నారు. ఒకప్పుడు గట్టు మీద డోలు ఉండేది. ఇప్పుడు పటేల్ తెచ్చిన డీజే డబ్బాలున్నాయి, గోల్ మనం కొట్టామా వాళ్లు కొట్టారా చూడకుండా మోగుతాయి. డోలు ఆగిననాడే జట్టు పోయిందని ఆయన ముగించాడు. మొగులప్ప చాయ్ గ్లాసులో దేన్నో వెతుకుతూ కూర్చున్నాడు.

అప్పుడు ప్రవీణ్ మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. పటేల్ విసిగిపోయాడు. వచ్చే ఆదివారం గెలిస్తే ఇంకో ఏడు చూస్తాడు, ఓడితే జట్టును మూసేస్తాడు. బెంచీ మీది చూపులన్నీ ఒకేసారి మొగులప్ప భుజం మీద వాలాయి.

"నిజం చెప్పు మొగులన్నా," అన్నాడు ప్రవీణ్. "పటేల్ డీజే పెట్టిండని అలిగినవా? గట్లయితే నేను పోయి మాట్లాడుత."

"అలుగుడేంది తమ్మీ. నొప్పి."

"ఏ భుజం?"

మొగులప్ప ఎడమ భుజం పట్టుకున్నాడు.

"మొన్న కుడిదంటివి గదనే," అంది నాగరాణి.

"అది గిటు దిగింది," అన్నాడు మొగులప్ప.

ఆయనకు అబద్ధం చేతకాదు, అదీ చిక్కు. నిజమేమో నోటికి రాదు.

నిజం ఏమిటంటే, దసరాకు ముందు ఆదివారం పొద్దున ఆయన ఆటకు బయల్దేరుతుండగా ఫోన్ మోగింది. తెర మీద దోమలో ఉండే తమ్ముడి పేరు, చిన్నాయిన కొడుకు. చిన్నాయిన అంజిలయ్య అప్పటికే మంచాన పడి చాలా రోజులైంది. ఆ వేళప్పుడు దోమ నుంచి ఫోన్ వచ్చిందంటే దేనికో ఎవరూ చెప్పక్కర్లేదు. మొగులప్ప చెయ్యి ముందుకు పోయి ఆగింది. పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ఎవరైనా పోతే ఆ కబురు చెవిన పడ్డ క్షణం నుంచి మైల. మైలలో ఉన్నవాడు దేవుడి డోలు ముట్టకూడదు. కబురు వినకపోతే మైల లేదు, ఇదీ వాళ్ల లెక్క. ఆ రోజు ఆట పెద్దది, గట్టు మీద జనం ఎదురుచూస్తుంటారు. ఫోన్ ఆగింది, మళ్లీ మోగింది. మొగులప్ప దాన్ని ఆపేసి, తీసుకుపోయి జొన్నల డబ్బాలో లోపలికంటా గుచ్చి, మూత పెట్టాడు. పక్కింటివాళ్లకు ఫోన్ వచ్చినా సరే సాయంత్రందాకా తనకేమీ చెప్పవద్దని సత్యమ్మకు చెప్పి, డోలు భుజాన వేసుకుని రైలెక్కాడు.

ఆ రోజు జట్టు గెలిచింది. మొగులప్పను ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు.

తెల్లారి దోమ చేరేసరికి మట్టి చేయడం అయిపోయింది. ఫోన్ బందయిందని చెప్పాడు. చిన్నాయిన భార్య, చిన్నమ్మ బీరమ్మ ఒకసారి తలెత్తి చూసి, తల దించుకుంది. మైలరోజులు అక్కడే కూర్చున్నాడు. ఆ వారం ఆటకు ఎందుకు రాలేదని బెంచీవాళ్లు అడిగితే గొర్లకు రోగమన్నాడు. అప్పటినుంచి జట్టు ఓడుతూనే ఉంది. ప్రతి ఓటమీ తన పేరు మీదే పడుతున్నట్టు ఆయనకు తోచింది. బెంచీ మీద వాళ్లు గోల్‌కీపర్‌ను తిడుతుంటే, కెప్టెన్‌ను తిడుతుంటే, అసలు దొంగ పక్కనే కూర్చుని బజ్జీ తింటున్నాడని ఆయన ఒక్కడికే తెలుసు. పాపం, ఆ బజ్జీ కూడా సరిగా దిగేది కాదు.

వచ్చే ఆదివారానికల్లా భుజాన్ని బాగుచేయించాలని బెంచీ తీర్మానించింది. కుమారస్వామికి మందు తెలుసు. ఆయన ఉద్యోగంలో ఉండగా చెయ్యి బెణికిన పిల్లలందరినీ ఒకే చోటికి పంపేవాడు.

"దోమ ఊర్ల బీరమ్మ అని ముసలామె ఉన్నది," అన్నాడు. "చెయ్యి పట్టి నూనె రాసిందంటే నరం దానంతట అదే దారికొస్తది."

మొగులప్ప చేతిలో గ్లాసు ఒరిగి చాయ్ గొంగడి మీద పడింది. ఆమె తన చిన్నమ్మే అని చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు పోలేదంటారు. చెప్పకపోతే తీసుకుపోతారు. ఏదీ తేల్చుకోకముందే రోజు ఖాయమైంది. ప్రవీణ్ బైకు నడిపాడు, కుమారస్వామి వెనక కూర్చున్నాడు, పారిపోవడానికి వీల్లేకుండా మొగులప్ప నడుమ ఇరుక్కున్నాడు. పరిగి దాటేదాకా సారు ఆయన చెవిలో యజమానుల గురించి చెబుతూనే ఉన్నాడు.

బీరమ్మ వాకిట్లో కందికట్టె ముందేసుకుని కాయలు రాలగొడుతోంది. ముగ్గురినీ చూసింది. కర్ర పక్కన పెట్టింది. మొగులప్ప నేల చూపులు చూస్తున్నాడు.

"అమ్మా, ఈయన మొగులప్ప అని, మా హాకీ జట్టుకు డోలు కొడతడు," అని కుమారస్వామి ఆమెకు కొడుకు వరస అయినవాడినే ఆమెకు పరిచయం చేశాడు. "మూడు నెలలాయె, భుజం లేస్తలేదు."

"అట్లనా," అంది బీరమ్మ. "కూసో నాయనా."

లోపలికి పోయి నూనె గిన్నె తెచ్చింది. గొంగడి తీయించి, కుడి భుజం పట్టింది, ఎడమ భుజం పట్టింది. మెడ దగ్గర బొటనవేలితో నొక్కింది. మొగులప్పకు చిన్నప్పుడు డోలు కట్టె తప్పు పడితే చిన్నాయిన వేసిన దెబ్బలకు ఈ చేతులే నూనె రాశాయి. ఆమె తొందరపడలేదు. అంతా అయ్యాక కుమారస్వామి వైపు తిరిగింది.

"భుజాలకేం కాలె సారూ, ఇనుప కడ్డీల తీరున్నయి. చెవులు చూపియ్యుండ్రి. ఫోన్ మోగితే ఇనవడదు."

కుమారస్వామికి ఇది కొత్త కోణం. భుజం నరానికీ చెవికీ సంబంధం ఉండొచ్చునని, తాండూరులో చెవుల డాక్టరు ఒకాయన ఉన్నాడని ప్రవీణ్‌తో చర్చ మొదలుపెట్టాడు. బైకు దగ్గర పోయి మాట్లాడుకొమ్మని బీరమ్మ ఇద్దరినీ పంపేసింది. వాకిట్లో ఆమె, మొగులప్ప మిగిలారు. లోపల గోడకు అంజిలయ్య డోలు వేలాడుతూ గుమ్మంలోంచి కనబడుతోంది. ఆ వైపు చూడకుండా కూర్చోవడానికి మొగులప్ప రెండు మూడు విధాలుగా సర్దుకున్నాడు.

"పొద్దు వాలేదాక ఆపినం కొడుకా," అంది బీరమ్మ. "మా ఊర్ల డోలు పట్టేటోడు ఇంకొకడు లేకపాయె. మొగులు వస్తడు, మొగులు వస్తడు అని నేనే ఆపిన. మీ తమ్ముండ్లు గుంత తవ్వి కూసున్నరు. ఆఖరికి ఉత్తగనే తీస్కపోయిండ్రు. ఊరందరికీ చప్పుడు చేసినోడు, చప్పుడు లేకుండ పోయిండు."

డోలు పట్టిన మనిషిని డోలుతోనే సాగనంపడం వాళ్లింటి పద్ధతి. అది మొగులప్పకు తెలియంది కాదు. జొన్నల డబ్బా మూత పెడుతున్నప్పుడు మాత్రం అది ఆయనకు గుర్తు రాలేదు. లేదా గుర్తు రానివ్వలేదు.

"ఫోన్ బందయింది చిన్నమ్మా."

"బందయిందా, బంద్ చేస్తివా?"

మొగులప్ప మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "చేసిన."

"ఎందుకు?"

"ఆట ఉండె."

బీరమ్మ చేతులకు మిగిలిన నూనె తన మోకాళ్లకు రాసుకుంది. "ఆ ఆట గెలిచిండ్రా?"

"గెలిచినం."

"మంచిగాయె," అంది.

తిడితే బాగుండుననిపించింది మొగులప్పకు. తిట్టకపోయేసరికి లోపల మూడు నెలలుగా దాచుకున్నదంతా వెళ్లగక్కాడు. బీరప్ప కోపానికి వచ్చాడని, ఆ రోజు నుంచి జట్టుకు గెలుపు లేదని, ఆదివారం ఓడితే మూసేస్తారని, ఏ మొక్కు చెల్లిస్తే దోషం పోతుందో చెప్పమని అడిగాడు. కావాలంటే మందలో మంచి పొట్టేలు ఉందన్నాడు.

"బీరప్పకు గదే పనా?" అంది బీరమ్మ. "మీవోళ్లకు ఆడరాదేమో." కర్ర చేతికి తీసుకుంది. "పో, కొట్టుకోపో. గీడ నువ్వు చేసింది గీడనే ఉంటది. ఆ ఆటదాక పోదు."

ఆదివారం ఆటను పొద్దున్నే పెట్టారు. సాయంత్రం పటేల్‌కు పెళ్లి విందుకు పోయేది ఉందట. మొగులప్ప డోలు దింపి, దుమ్ము తుడిచి, తోలు బిగించుకుని వచ్చాడు. నడుముకు డోలుతో ఆయన రైలెక్కగానే కుమారస్వామి లేచి నిలబడ్డాడు. చెవి డాక్టరు దాకా పోకుండానే నయమైందని ప్రవీణ్ అందరికీ చెప్పాడు. గట్టు మీద జనం కొంచెం ఎక్కువగానే ఉన్నారు. మూసేస్తారన్న మాట పాకింది కాబట్టి, కడసారి చూపులకు వచ్చినట్టు వచ్చారు.

మొగులప్ప మొదటి నిమిషం నుంచి కొట్టాడు. ఎన్నడూ కొట్టనట్టు కొట్టాడు. డీజే పెట్టేవాడు కాసేపు పోటీపడి, సిగ్గుపడి ఆపేశాడు. పెనాల్టీ కార్నర్ దొరికినప్పుడు గట్టంతా అదిరింది. మనవాళ్లలో ఒకడు బంతిని ఆపలేక వదిలేశాడు. రెండోది దొరికితే హాకీ కట్టె గాలిలో తిరిగింది, బంతి ఉన్నచోటే ఉంది. కెప్టెన్ జుట్టు సవరించుకున్నాడు. అవతలివాళ్లు మాత్రం డోలు చప్పుడుకు ఏమీ తికమకపడలేదు, పైగా దాని ఊపులోనే పరుగెత్తుతున్నట్టు కనబడ్డారు. మన గోల్లో ఒకటి పడింది, రెండోది పడింది. ఆ తర్వాత లెక్కపెట్టడం ప్రవీణ్ మానేశాడు.

చేతులు ఆడుతూనే ఉన్నాయి గాని మొగులప్పకు మధ్యలోనే సంగతి అర్థమైంది. బీరమ్మ చెప్పింది నిజమే, మనవాళ్లకు ఆడరాదు. ఆయన తప్పు ఈ జట్టును ముంచలేదు, ఆయన డోలు తేల్చనూ లేదు. ఇన్నాళ్లూ మోసిన బరువు దిగాలి కదా. దిగలేదు. ఆ బరువులోంచి జట్టు పేరు తీసేసరికి మిగిలిందంతా చిన్నాయిన పేరు మీదికి వచ్చి కూర్చుంది.

ఆట ముగియకముందే పటేల్ కారెక్కి పోయాడు. ఆయన మనుషులు బ్యానర్ల తాళ్లు విప్పుతున్నారు. గోల్‌కీపర్ నవీన్‌కుమార్ గట్టు దగ్గరికి వచ్చి, "మంచిగ కొట్టినవ్ పెద్దాయిన," అని డోలు మీద చెయ్యి ఆనించి పోయాడు. ఆ పిల్లగాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రలేకనో, ఎందుకో. ఈ మూడు నెలల్లో అతన్ని అన్న మాటలన్నీ బెంచీవాళ్లకు ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది, ముగ్గురూ మూడు వైపులకు చూశారు.

రైలుకు టైమవుతోందని ప్రవీణ్ అంటే మొగులప్ప రానన్నాడు. పరిగి బస్సు దగ్గరికి నడిచాడు. ఎందుకని అడిగితే బస్సు ఎక్కాక చెప్పాడు, జొన్నల డబ్బా సంగతితో సహా. నాగరాణి హోటల్లో తేల్చుకోవడానికి ఆ సాయంత్రం ఏమీ మిగల్లేదు కాబట్టి వాళ్లిద్దరూ కూడా వెంట వచ్చారు. కుమారస్వామి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "ఆమె చెవులన్నది గందుకా," అన్నాడు. అంతకుమించి దారిపొడుగునా మాట్లాడలేదు. ఆయన్నెరిగినవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

దోమలో దిగేసరికి పొద్దు వంగుతోంది. అంజిలయ్యను పెట్టిన చోటు వాళ్ల చెలకలోనే, కంది కోసిన మోళ్ల పక్కన. మట్టి ఇంకా పూర్తిగా అణగలేదు. బీరమ్మ వాకిట్లోంచి చూసింది, పిలవలేదు, పొమ్మనలేదు. కాసేపటికి కొంగు కప్పుకుని వెనకే వచ్చి గట్టు దగ్గర నిలబడింది.

మొగులప్ప గొంగడి తీసి కింద పెట్టాడు. డోలు నడుముకు బిగించాడు. కట్టె ఎత్తి కొట్టాడు. పీనుగను మోసేవాళ్ల అడుగును పట్టుకుని ఆగి ఆగి నడిచే దెబ్బ అది, చిన్నాయిన అన్నిటికంటే చివర నేర్పింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో చేతులు వాటంతట అవే ఉరకలెత్తాయి. దడదడదడ. పెనాల్టీ కార్నర్ దెబ్బ. మొగులప్ప ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే వచ్చింది. ఇన్నేళ్లు గట్టు మీద కొట్టికొట్టి చేతులకు అదొక్కటే మిగిలింది.

కుమారస్వామి చెయ్యి ఛాతీ మీదికి పోయి ఊరికే అక్కడే ఉండిపోయింది. ప్రవీణ్ చెప్పులు విప్పి దూరంగా పెట్టాడు.

"గది గాదు," అంది బీరమ్మ.

"మర్శిన చిన్నమ్మా."

"గది గాదు కొడుకా. గిది ఆట గాదు, గంత తొందర లేదు." ఆమె గట్టు మీద మెల్లగా కూలబడి కాళ్లు ముడుచుకుంది. "నువ్వు కొట్టు. నేను కూసుంట. ఆనాడు గూడ కూసున్న."

మొగులప్ప కట్టె మార్చి పట్టుకుని, ఒక దెబ్బ కొట్టి, రెండోదాని కోసం ఆగాడు.